మా బాపు ఆ ఇంట్లో ఎందుకు తినలేదంటే

మా బాపు సంవత్సరీకం నాడు, ఆయన విస్తరి ముందు నుంచి మావాళ్ళు ఒక గిన్నెను పక్కకు నెట్టేశారు. ఆ గిన్నె గురించే ఇది రాస్తున్నాను.

నర్సింహులపేటలో మా పాత ఇంటి నడిమింట్లో బాపు ఫోటో పెట్టి, ముందర విస్తరి వేసి, ఆయనకు ఇష్టమైనవి ఒక్కొక్కటే వడ్డిస్తున్నాం. కోడికూర, గారెలు, బెల్లమన్నం, పక్కన ఒక బీడీ కట్ట. మా మేనత్త, అంటే బాపు చెల్లెలు, టేకుమట్ల నుంచి వచ్చింది. వెంట ఆమె కొడుకూ కోడలూ ఉన్నారు. ఆ కోడలు స్టీలు గిన్నెలో జొన్న గట్క వండుకొని తెచ్చింది. జొన్న రవ్వను మెత్తగా ఉడికించి, మజ్జిగ పోసుకొని తింటాం మేము. ఆమె మూత తీసి, విస్తరి దగ్గర మోకాళ్ళ మీద కూర్చొని గంటె అందుకుంది. అప్పుడు మా వాళ్ళలో పెద్దాయన, నాకు పెద్దనాయిన వరస, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చేతికట్టె చాపి ఆ గిన్నెను పక్కకు జరిపాడు.

"ఉండు పిల్లా. బతికున్నప్పుడే నీ చేతి బుక్క ముట్టలే ఆయన. సచ్చినంక పెడ్తవా?"

ఒక్కరూ అదేమిటని అడగలేదు. పైగా గోడకు ఆనుకొని కూర్చున్న ఒకాయన తల ఊపాడు. "గట్టి మనిషి. పెండ్లిల పీటల మీద కూసున్నడు గని, అన్నం కాడ మాత్రం తప్పలే" అన్నాడు. మెచ్చుకుంటున్నాడు. మా బాపును, మా బాపు ఫోటో ముందర, ఆయన చేయని పనికి మెచ్చుకుంటున్నాడు.

ఆ కోడలిది మహబూబాబాద్ దగ్గర ఒక తండా. మా మేనత్త కొడుకు భూపాలపల్లిలో బొగ్గు లారీ నడుపుతాడు. ఆమె అక్కడే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. ఇద్దరూ ఇష్టపడి చేసుకున్నారు.

మా మేనత్త నోరు తెరవబోయింది. కొడుకు లేచి నిలబడ్డాడు. కోడలు వాళ్ళిద్దరినీ చేత్తో ఆపింది.

"మీరు చెప్పకుండ్రి. అన్ననే చెప్పనీ" అంది.

అన్న అంటే నేను. ఆమె నా వంక చూస్తూ ఉంది. గంటె ఇంకా చేతిలోనే ఉంది.

ఆ కట్టె మీద నాకు కోపం వచ్చింది. విరిచి పొయ్యిలో పెట్టాలనిపించింది. తల ఊపినవాడి మీద వచ్చింది. కానీ వాళ్ళకు ఆ మాట ఎక్కడిది? నేను ఇచ్చిందే. నా నోటితో నేను అన్న మాటనే వాళ్ళు ఇన్నేండ్లూ జాగ్రత్తగా దాచుకొని, మా బాపు పేరు మీద తిరిగి నాకు వినిపిస్తున్నారు.

అందుకని మొదటి నుంచి చెప్తాను.

ఆ పెండ్లి మాటలప్పుడు రెండు వైపులా కోపాలే. పిల్ల తండ్రి రానన్నాడు. మావాళ్ళకు వాళ్ళ మీద ఎంత కోపమో, వాళ్ళకు మా మీద అంత. మరి కాళ్ళు కడిగి పిల్లను అప్పగించేది ఎవరని మా మేనత్త ఏడుస్తుంటే, బాపు చుట్టూ చూసి, "ఎందుకేడుస్తున్నవ్? నేను లేనా?" అన్నాడు. వరుస కూడా కలిసింది. మేనల్లుడికి పిల్లనిచ్చేది మేనమామ కదా. మేనల్లుడు ఏ ఇంటి పిల్లను తెచ్చుకున్నా ఆ పిల్ల మేనమామకు బిడ్డే అవుతుంది. నాకు చెల్లె అవుతుంది. అమ్మ పోయి చాలా ఏండ్లయింది, భార్య లేనివాడు పీటల మీద ఎట్లా కూర్చుంటాడని ఒకరు అడ్డం పడ్డారు. గుడి పూజారి అదేదో సర్దుబాటు చేశాడు.

నాకు మాత్రం వేరే దిగులు పట్టుకుంది. బాపు నోట్లో పండ్లు లేవు. ముందువి ఎప్పుడో ఊడిపోయాయి, మిగిలినవి కదులుతున్నాయని ఒక్కొక్కటే తీయించుకున్నాడు. బోసినోటితోనే బీడీ తాగేవాడు, బోసినోటితోనే నవ్వేవాడు, మక్క కంకి గింజలు వలిచి ఉడకబెట్టిస్తే చిగుళ్ళతోనే నమిలేవాడు. ఆయనకు ఏ కష్టమూ లేదు. కష్టమంతా నాది. అసలే జనగామలో నా దుకాణానికి వచ్చేవాళ్ళు దెప్పుతున్నారు. నాది సిమెంటు, పైపుల దుకాణం. మా వాళ్ళే వచ్చి పైపులు కొంటూ, "ఏమయ్యా, మీ బాపుకు కొత్తగ బిడ్డ పుట్టిందట గదా తండాల" అనేవారు. నేను నవ్వేవాణ్ణి. లోపల ఉడికిపోయేవాణ్ణి. ఆ ఉడుకు ఆ పిల్ల మీదికే పోయేది తప్ప, అన్నవాళ్ళ మీదికి పోయేది కాదు. ఇక పెండ్లి వీడియోలో బాపు బోసినోరు కూడా చూసి నవ్వుతారని, కట్టుడు పండ్లు పెట్టిద్దామన్నాను.

"నాకెందుకురా గవి? ఈ వయసుల ఎవలను కొరకాలె?" అన్నాడు బాపు.

"నువ్వు కొరకకున్న సరే, ఫోటోల మంచిగ కనవడాలె" అన్నాను.

జనగామ బస్టాండు దగ్గర మేడ మీద ఒకాయన ఉండేవాడు, పండ్ల సెట్లు కట్టేవాడు. మైనం పెట్టి అచ్చు తీసుకొని, పైదీ కిందిదీ చేసిచ్చాడు. ఇచ్చిన రోజు ఆయన బాపుకు ఏదో వివరంగా చెప్తున్నాడు. నేను అదే గదిలో పైపుల కంపెనీవాడితో ఫోన్లో గొడవ పడుతున్నాను. సగం వినలేదు. రాత్రిపూట తీయమని ఆయన చెప్పాడో, చెప్పలేదో నాకు తెలియదు. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే అందుకే కుదరడం లేదు.

మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం బాపు పండ్లు తీసి గిలాసలో పెట్టి పడుకున్నాడు. అప్పుడే మా దుకాణానికి సంబంధించిన మనిషి ఇంటికి వచ్చాడు. బాపు లేచి బోసినోటితో పలకరించాడు. గిలాసలో ఉన్నవి చూసి ఆ మనిషి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మా పిల్లలు కిసకిసా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన వెళ్ళగానే బాపు మీద పడ్డాను.

"ఎప్పుడంటె అప్పుడు తీస్తవేంది? మొత్తానికే తియ్యకు. పండుకున్నప్పుడు గూడ తియ్యకు. తీస్తే వదులైతయ్, మల్ల పట్టయి."

వదులవుతాయని నాకు ఎవరూ చెప్పలేదు. అప్పటికప్పుడు నోటికొచ్చింది, అన్నాను. బాపు దాన్ని డాక్టరు మాటలాగా పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి పండ్లు తీసింది లేదు. పొద్దున పేస్టు పెట్టుకొని, అవి నోట్లో ఉండగానే, సొంత పండ్లు తోముకున్నట్టు పైపైన తోముకునేవాడు. నీళ్ళు పుక్కిలించి ఊసేవాడు. అంతే శుభ్రం.

పెండ్లి బాగా జరిగింది. బాపు కాళ్ళు కడిగాడు. పిల్ల తల్లి ఒక్కతే వచ్చి గుడి స్తంభం వెనక నిలబడితే, పిల్ల "యాడీ" అని పిలిచి ముందుకు తెచ్చుకుంది. వాళ్ళ భాషలో అమ్మను అట్లా పిలుస్తారు. బాపును మాత్రం మొదటి రోజు నుంచే మా లాగా బాపూ అంది. ఫోటోల్లో బాపు పండ్లు తెల్లగా మెరిశాయి. నాకు తృప్తి.

కొన్ని నెలలకు బాపు తిండి తగ్గింది. కూర కలుపుకోవడం మానేసి పెరుగన్నంలోకి వచ్చాడు. తర్వాత పాలల్లో అరటిపండు పిసుక్కోవడం మొదలుపెట్టాడు. అడిగితే "ఆకలైతలేదు" అనేవాడు. పెదవుల మూలలు పగిలి ఎర్రగా ఉండేవి. ఏమైందని మా ఇంటామె అడిగితే "సలికి" అన్నాడు. ఎండాకాలంలో చలేమిటని ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. ఆయన దగ్గర కూర్చుంటే నోటి నుంచి వాసన వచ్చేది. బీడీలు ఎక్కువ తాగుతున్నాడనుకొని కసిరాను. అన్నీ నా కళ్ళ ముందరే జరిగాయి. రోజూ పక్కన కూర్చొని తిన్న మనిషిని నేను.

అప్పుడే ఒడిబియ్యం పెట్టుకున్నాం. మా దిక్కు ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోస్తారు, ఎండుకొబ్బరి కుడుకలు, పోకచెక్కలు వేస్తారు. ఆమె ఆ బియ్యం అత్తగారింటికి తీసుకెళ్ళి వండి, పోసినవాళ్ళను పిలిచి పెడుతుంది. ఆ పిల్లకు కన్నవాళ్ళ ఇంటి నుంచి ఎవరూ పోయలేదని తెలిసి బాపు ఆమెను జనగామకు పిలిపించాడు. అన్న వరసలో నేనూ మా ఇంటామె పోశాం, బాపు కూడా దోసిలి కలిపాడు. ఆ పిల్ల కొంగు పట్టుకొని కూర్చొని, "బాపూ, అన్నా, మీరందరు రావాలె తినెతందుకు" అంది.

వెళ్ళాం. టేకుమట్లలో ఇంటి ముందు టెంటు వేశారు. మా వాళ్ళు చాలామంది వచ్చారు. వాళ్ళు భోజనానికి వచ్చారో, మేము తింటామా లేదా చూడ్డానికి వచ్చారో చెప్పలేను. ఆ పిల్ల తెల్లారకముందే లేచి పొయ్యి దగ్గర కూర్చుందట. పసుపు బియ్యం అన్నం, యాట మాంసం కూర, పచ్చిపులుసు. మొదటి వడ్డన బాపుకు. ఆయన ఒక్క ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు అట్లానే ఉంచుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎట్లాగో మింగి, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏందన్నా, ఒక్క బుక్కకే లేస్తవా?" అంది మా మేనత్త. "నా కోడలు పొద్దుగాల్నుంచి పొయ్యి కాడనే సచ్చింది."

"బాపూ, కూర మంచిగ లేదా?" అని ఆ పిల్ల వంగి అడిగింది.

బాపు తల అడ్డంగా ఊపాడు. నోరు తెరవలేదు.

"పండ్లు కొత్తయి గదా, అరుగుతయని బుగులు పెట్టుకున్నడు" అన్నాడు ఎవరో. బంతి బంతంతా నవ్వింది. బాపు పెదవులు ఇంకా గట్టిగా బిగించాడు. నవ్వు ఆగాక అందరూ నా వైపు చూశారు. దుకాణంలో నన్ను దెప్పినవాళ్ళూ ఆ బంతిలో ఉన్నారు.

అప్పుడు అన్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"బలిమి చెయ్యకుండ్రి. పీటల మీద కూసున్నడు, పిల్లను అప్పజెప్పిండు. గంతవరకు సరే. ఇగ అన్నం గూడ తినాల్నా?"

కులం పేరు నేను ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు. మా దిక్కు అన్నం అన్న మాట ఆ గొంతుతో అంటే చాలు, అందరికీ అర్థమైపోతుంది. అర్థమయింది. ఆ పిల్ల చేతిలో గంటె అట్లానే ఆగిపోయింది. దెప్పినవాళ్ళ ముఖాల్లో నేను ఎన్నో నెలలుగా చూడని మర్యాద కనిపించింది. నాకు నచ్చింది కూడా. ఇది రాయడం కష్టంగా ఉంది కానీ, నచ్చింది. నేను కూడా ఆ అన్నం ముట్టకుండానే చెయ్యి కడుక్కున్నాను.

కారులో పరకాల దాటాక బాపు అడిగాడు.

"గా మాట ఎందుకన్నవ్?"

"నువ్వు తినలేదు గదా."

"నోరు మండింది రా."

"మండితే ఆడనే చెప్పొద్దా?"

"అందరు నవ్వుతుండంగ పండ్లు తీసి సూపియ్యాల్నా? నువ్వే గదా తియ్యొద్దన్నది."

నేను నమ్మలేదు. ఆయనకూ లోపల అదే ఉందని, బయటికి ఒప్పుకోలేక నోటి మీదికి నెడుతున్నాడని అనుకున్నాను. నాకున్న రోగమే ఆయనకూ ఉందనుకుంటే నాకు సుఖంగా ఉండేది. అదీ సంగతి.

మరునాడు బామ్మర్ది, అంటే ఆ పిల్ల పెనిమిటి, ఫోన్ చేశాడు. "బావా, గది మామ నోరా, నీ నోరా?" అన్నాడు.

"మీ మామనే అడుగు" అన్నాను.

"మామ ఫోన్ నువ్వే ఎత్తుతున్నవ్ గదా" అని పెట్టేశాడు. నిజమే. బాపుకు వచ్చే ఫోన్లు ఆ రోజుల్లో నేనే ఎత్తి, పడుకున్నాడని చెప్పేవాణ్ణి.

అసలు విషయం మహబూబాబాద్‌లో తెలిసింది. అది మా ఇంటామె పుట్టిల్లు. వాళ్ళ అన్న గృహప్రవేశానికి వెళ్ళాం. బాపు ఉప్పు వేసిన మజ్జిగ నోట్లో పోసుకొని, మింగలేక బయటికి పరుగెత్తి ఊసేశాడు. ఒళ్ళు కూడా బాగా తగ్గిపోయింది. నాకు క్యాన్సరేమోనని భయం పట్టుకొని దవాఖానకు తీసుకెళ్ళాను. పండ్ల డాక్టరమ్మ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, "తాతా, సెట్టు తియ్యి" అంది.

బాపు నా వైపు చూశాడు. "నువ్వు జర బయటికి పో" అన్నాడు.

తెర బయట నిలబడ్డాను. కన్నకొడుకు ముందర కూడా నోరు తెరవలేనంత సిగ్గు ఆయనకు నేనే నేర్పాను. కాసేపటికి డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. బాపు అరచేయి నోటికి అడ్డం పెట్టుకొని ఉన్నాడు. ఆమె ఆ చెయ్యి మెల్లగా తీసి, టార్చి వేసి, "ఇట్ల వచ్చి చూడండి" అంది.

అంగిలి మొత్తం పచ్చి మాంసంలా ఎర్రగా ఉంది. ఆ ఎరుపుకు ఒక అంచు ఉంది. సెట్టు ఎక్కడి వరకు కూర్చుంటుందో సరిగ్గా అక్కడి వరకే ఎరుపు. అది దాటితే మామూలు రంగు. ఎవరో అచ్చు గుద్దినట్టు ఉంది. ఆమె చేతిలో ఉన్న సెట్టు లోపలి వైపు పసుపు పచ్చగా పాచి పేరుకొని ఉంది.

"రాత్రి తీసి నీళ్ళల్ల వెయ్యాలని ఎవరు చెప్పలేదా మీకు?"

"తియ్యొద్దని చెప్పిండ్రమ్మా" అన్నాడు బాపు. పండ్లు లేక మాట మెత్తగా జారింది.

"ఎవరా తెలివిగల్లోడు?"

బాపు నా పేరు చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. గోడ మీది పండ్ల బొమ్మ చూస్తూ నిలబడ్డాను.

క్యాన్సర్ కాదని చెప్పింది ఆమె. సెట్టు రాత్రీ పగలూ అట్లానే ఉంటే దాని కింద పాచి పట్టి ఫంగస్ పెరుగుతుందట, పై పొర పూసిపోతుందట. చాలామందికి నొప్పి కూడా ఉండదట, ఏండ్ల తరబడి తెలియకుండానే తిరుగుతారట. ఈయనకు మంట పుట్టింది, పెదవుల మూలలకు కూడా అదే పాకింది. పూసుకోవడానికి మందు రాసింది. షుగర్ పరీక్ష చేయించమంది. బీడీలు మానమంది. ఎరుపు తగ్గేదాకా వీలైనంత వరకు సెట్టు పెట్టుకోవద్దని, తర్వాత కూడా రాత్రి తీసి, బ్రష్షుతో లోపలా బయటా కడిగి నీళ్ళలో వెయ్యాలని, అంగిలిని కూడా మెత్తని బ్రష్షుతో తుడుచుకోవాలని చెప్పింది. సెట్టు వదులుగా ఉంది, సరిచేయించాలంది.

"ఇంత ఎర్రగ అయిందాక కారం ఎట్ల తిన్నవ్ తాతా?" అని అడిగింది చివర్లో.

"తినలేదమ్మా. గదే లొల్లి అయింది" అన్నాడు బాపు.

ఆ ఎరుపు చూసిన క్షణంలోనే నాకు టేకుమట్ల విస్తరి గుర్తొచ్చింది. ఆ ఒక్క ముద్ద అక్కడ ఎట్లా మింగాడో గుర్తొచ్చింది. ఆ రోజే ఫోన్ చేసి చెప్పి ఉంటే అయిపోయేది. చెప్పలేదు. దవాఖాన మెట్లు దిగేలోపే ఒక సాకు వెతుక్కున్నాను. ముందు నోరు తగ్గనీ, తర్వాత చూద్దాం అనుకున్నాను.

నోరు తగ్గింది. బాపు మళ్ళీ పచ్చడి అడగడం మొదలుపెట్టాడు. ఒక పొద్దున దుకాణానికి బయల్దేరుతుంటే, "టేకుమట్లకు పోదాం పా. అన్నం తినొస్త" అన్నాడు.

"ఇయ్యాల సిమెంటు లారీ దిగుతది బాపూ."

ఇంకో రోజు అడిగాడు. ముసురు పట్టింది, దారులు బాగాలేవన్నాను. మళ్ళీ అడిగితే పెండ్లిళ్ళ సీజనన్నాను. అక్కడికి వెళ్తే నేనన్న మాటను నేనే వెనక్కి తీసుకోవాలి. అది ఇష్టం లేదు. ఆ మాట అన్నప్పటి నుంచి దుకాణంలో దెప్పుడు ఆగిపోయింది. "మీ బాపు పెద్దమనిషి, ఎక్కడ ఆగాల్నో తెల్సినోడు" అంటున్నారు. నా తండ్రిని అట్లా పొగుడుతుంటే నేను బిల్లు రాసుకుంటూ ఊరుకునేవాణ్ణి.

ఒకరోజు మధ్యాహ్నం ఇంటికొస్తే బాపు లేడు. చేతిసంచి పట్టుకొని బస్సెక్కాడని మా ఇంటామె చెప్పింది. సాయంత్రం మేనత్త ఫోన్.

"మీ బాపు వచ్చిండు" అంది. ఆ గొంతులో కోపమూ ఉంది, గెలుపూ ఉంది. "వచ్చి సాప మీద కూసున్నడు. జేబుల్నుంచి డబ్బా తీసి, మూత తీసి, గా పండ్లు అందరి ముందర పెట్టిండు. 'గివి తియ్యక నోరు పుండైంది బిడ్డా, నీ అన్నం మీద నాకేం లేదు' అన్నడు నా కోడలుతోని. 'గిదా బాపూ? ఒక్క మాట జెప్తే గట్క వండకపోదునా?' అన్నది పిల్ల. గప్పుడే జొన్నలు ఇసిరి వండింది. రెండుసార్లు పెట్టిచ్చుకొని తిన్నడు మా అన్న. బోసినోటితోని తిన్నడు. నీకు పండ్లున్నయ్ గదరా, నువ్వెందుకు రాలే?"

లైన్ బాగాలేదని పెట్టేశాను.

ఆ తర్వాత బాపు బతికినన్నాళ్ళూ, వీలైనప్పుడల్లా ఒక్కడే వెళ్ళి ఆ ఇంట్లో తిని వచ్చేవాడు. వెళ్ళినప్పుడల్లా ఆమె గట్క చేసేది. మొదటిసారి తినకపోవడం ఊరంతా చూసింది. తినడం మాత్రం ఆ ఇంట్లోవాళ్ళే చూశారు. నర్సింహులపేట హోటల్ దగ్గర ఎవరో మెచ్చుకోబోతే బాపు లేచి, "ఎవడ్రా తినలేదన్నది? మొన్న గూడ తినొచ్చిన" అని తిట్టాడట. వాళ్ళు నవ్వి, "పెద్దోడైండు, మెత్తబడ్డడు" అన్నారట. నోరు పూసిందంటే ఒక్కడూ నమ్మడు. కులం అంటే అడగకుండానే నమ్ముతారు. ఎటువంటి మనుషుల మధ్య బతుకుతున్నాం? అడిగేవాణ్ణి నేనూ వాళ్ళలో ఒకణ్ణే.

"నువ్వన్న మాట నువ్వే చెప్పాలె. నేను జెప్తే ఇంటలేరు" అన్నాడు బాపు, ఆ హోటల్ సంగతి చెప్పిన రోజు.

"చెప్త తియ్ బాపూ" అన్నాను.

ఒక పొద్దున గుండె ఆగి పోయాడు. నేను ఇంకా చెప్పలేదు. దినాలప్పుడు చెప్పలేదు. ఆ పిల్ల దూరంగా నిలబడి ఏడ్చి వెళ్ళిపోతే, పిలిచి దగ్గర కూర్చోబెట్టలేదు. ఏడాది గడిచింది. అప్పుడు ఆ కట్టె, ఆ గిన్నె, నా వైపు చూస్తున్న ఆమె.

నేను వంగి గిన్నెను విస్తరి దగ్గరికి జరిపాను. అందరికీ వినిపించేట్టు చెప్పాను. పండ్లు పెట్టించింది నేను, తియ్యొద్దన్నది నేను, దాని వల్లనే బాపు నోరు పూసిందని, డాక్టరమ్మ చూపిస్తే కళ్ళతో చూశానని చెప్పాను. ఆ రోజు నోరు మండి లేచాడు తప్ప ఇంకేమీ లేదని, అన్నం గూడ తినాల్నా అన్న మాట ఆయనది కాదని, నాదని చెప్పాను. తర్వాత ఎన్నోసార్లు ఈమె చేతి అన్నం తిన్నాడని, ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసని కూడా చెప్పాను.

"గట్లయితే ఇన్నొద్దులు ఎందుకు మూసుకున్నవ్ రా?" అన్నాడు పెద్దనాయిన.

"మీరు మెచ్చుకుంటున్నరని" అన్నాను.

"సచ్చినోనికి గిప్పుడు పండ్ల కథ దేనికి" అని గోడకు ఆనుకున్నాయన గొణిగాడు. ఇంకొకరు బయటికి లేచి వెళ్ళి బీడీ ముట్టించుకున్నారు. నమ్మారో లేదో నాకు తెలియదు. పెద్దనాయిన కట్టె మాత్రం మళ్ళీ చాపలేదు. ఇంత చిన్న మాట. ఇది చెప్పడానికి బాపు చచ్చిపోయి ఏడాది కావాల్సి వచ్చిందా నాకు?

గంటె అందుకొని నేనే వడ్డించబోయాను.

"జరుగన్నా. మా బాపుకు నేను పెట్టుకుంట" అంది ఆ పిల్ల.

జరిగాను. ఆమె గట్క పెట్టి, నడుమ గుంట చేసి, మజ్జిగ పోసింది. ఆయన ఎట్లా తింటాడో అట్లా. ఫోటోలో బాపు పండ్లన్నీ కనబడేట్టు నవ్వుతున్నాడు. పెండ్లి రోజు తీసిన ఫోటో అది. దాన్ని ఏరి పెట్టింది కూడా నేనే.

భోజనాలకు బంతి వేశారు. ఆమె అందరికీ వడ్డించింది. ఈసారి ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు. చివరి బంతిలో మా ఇంటివాళ్ళం కూర్చున్నప్పుడు నా పక్కన విస్తరి వేయించి, "కూసో చెల్లె, తిను" అన్నాను.

ఆమె ఖాళీ అయిన గిన్నె కడుక్కొని సంచిలో పెట్టుకుంటోంది.

"ఆకలైతలేదన్నా" అంది.

మేనత్త చెయ్యి పట్టుకొని, బస్సు దొరకదని తొందరపెట్టి, గడప దాటింది. నా పక్కన వేసిన విస్తరి అట్లానే ఉంది. ఎందుకు తినలేదని ఎవరో అడిగారు. నేను చెప్పలేదు. ఆమె నోటికేమీ కాలేదు.